నాలుగో మూలం

రోశమ్మ తిట్టడానికి వచ్చి ఉంటే సుష్మితకు అంత భయం వేసేది కాదు. పిడుగురాళ్లలో విలేకరిగా చేరాక ఇంటి మీదకు వచ్చి అరిచిపోయినవాళ్లను ఆమె చాలామందినే చూసింది. ఈమె మాత్రం గేటు దగ్గర చెప్పులు విడిచి, కుర్చీ వేస్తానన్నా వద్దని గచ్చు మీదే కూర్చుని, సంచీలోంచి మడత పెట్టిన పేపరు తీసి ముందు పెట్టింది. అది ఆ రోజు ‘తొలిపొద్దు’ జిల్లా ఎడిషన్. సుష్మిత రాసే పత్రిక.

“నేను తెల్లబండపాలెం కోటిలింగం పెళ్లాన్ని. ఇందులో మా ఆయన గురించి నువ్వే రాశావంట గదమ్మా, మా అమ్మాయి యమున చదివి చెప్పింది. ఈ ముక్క నీకెవరు చెప్పారో కనుక్కుందామని వచ్చా.”

ఏ ముక్కో చూపించాల్సిన పని లేకపోయింది. తెల్లబండపాలెం పక్కనే సున్నపురాయి క్వారీ ఉంది. కొన్నేళ్ల కిందట అక్కడ జరిగిన పేలుడులో కోటిలింగం, అతనితో పాటు మరో ముగ్గురు కూలీలు చనిపోయారు. కోటిలింగం బండల్లో పేలుడు మందు కూరే మేస్త్రి. ఇప్పుడు ఆ క్వారీని ఊరి వైపుకు పెంచుతామని కంపెనీ దరఖాస్తు పెట్టింది. వచ్చే మంగళవారం ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ. దాని మీద సుష్మిత వార్త రాసింది, పక్కన ‘గతంలో’ అని చిన్న బాక్సు కూడా రాసింది. ఆ బాక్సులో చివరి వాక్యం ఇది: ‘మేస్త్రి కోటిలింగం మద్యం మత్తులో పేలుడు జరపడమే నాటి ప్రమాదానికి కారణం.’

నాకు తెలిసినవాళ్లు చెప్పారని సుష్మిత అనబోయింది గానీ, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

“నెట్లో ఉంది పిన్నీ. అందులోంచి తీసుకున్నా.”

“నెట్లో ఎవరు పెట్టారు?”

“తెలవదు.”

రోశమ్మ మెల్లగా అంది. “అది కార్తీక మాసమమ్మా. మా ఆయన అయ్యప్ప మాలేసుకుని ఉన్నాడు. నల్ల పంచెతోనే తెచ్చి పడుకోబెట్టారు. మాలలో ఉన్నోడు తాగుతాడా? ఊళ్లో చిన్నపిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. నువ్వు ఆటో ఎక్కి వచ్చి అడగొచ్చు గదా?”

ఆమె మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. పేపరు అక్కడే వదిలేసింది.

ఆ బాక్సు ఎలా పుట్టిందో సుష్మితకు బాగా గుర్తుంది. వార్త పంపేశాక సాయంత్రం నరసరావుపేట డెస్క్ నుంచి ఇన్‌ఛార్జి నరసింహారావు ఫోన్ చేశాడు. పేజీ కట్టేస్తున్నామని, పాత ప్రమాదం గురించి నాలుగు లైన్లు వెంటనే కావాలని అన్నాడు. ప్రమాదం జరిగినప్పుడు ఆమె ఇంకా చదువుకుంటోంది. ఎవరికి ఫోన్ చేయాలో తోచక నెట్లో వికీ తెరిచింది. ఊళ్ల గురించి, కొండల గురించి, మనుషుల గురించి ఎవరికి తెలిసింది వాళ్లు కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వం అది. అందులో తెల్లబండపాలేనికి ఒక పేజీ ఉంది. జనాభా, బడి, పంటలు, క్వారీ ప్రమాదం. మిగతా విషయాల చివర మూలం ఏదో చెప్పే చిన్న అంకె ఉంది. మందు తాగాడన్న వాక్యం చివర మాత్రం ఏ అంకే లేదు. అది ఆమె చూసింది. చూసి కూడా, నాలుగు పదాలు అటూ ఇటూ మార్చి పంపేసింది.

ఇప్పుడు ఆ పేజీ మళ్లీ తెరిచింది. కనీసం అక్కడ తీసేస్తే సగం పీడ వదులుతుందనుకుంది. వాక్యం అక్కడే ఉంది, కానీ దాని చివర నిన్న లేని అంకె వచ్చి చేరింది. నాలుగు. ఆ అంకె మీద నొక్కితే కింద మూలాల్లో నాలుగోది కనపడింది: ‘తొలిపొద్దు, పల్నాడు జిల్లా ఎడిషన్.’ పక్కన ఆ రోజు తేదీ, ఆమె రాసిన వార్త శీర్షిక.

ఆమె వికీని చూసి రాసింది, వికీ ఆమెను చూసి రాసింది. ఆ మాటకు ఇప్పుడు రెండు చోట్లా కాళ్లొచ్చాయి.

వెంటనే ఖాతా తెరిచి ఆ వాక్యం చెరిపేసింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చేలోపు అది మళ్లీ వచ్చి కూర్చుంది. ‘మూలం ఉన్న సమాచారాన్ని కారణం చెప్పకుండా తొలగించవద్దు’ అని ఒక సందేశం. పంపింది జయకృష్ణ అనే నిర్వాహకుడు, అంటే పేజీల్లో తప్పుడు మార్పులు జరగకుండా కాపలా కాసేవాళ్లలో ఒకడు. ఆ మూలం రాసింది నేనే, అది తప్పు అని ఆమె చర్చాపేజీలో రాసింది. జవాబు మర్యాదగానే వచ్చింది. మీరు ఆ విలేకరేనని మాకు తెలిసే దారి లేదు, మీ పత్రిక సవరణ వేస్తే అది చూపించి తీసేస్తాం, అని.

సరే, పత్రికే వేయాలి. మధ్యాహ్నం బస్సుకే నరసరావుపేట వెళ్లింది.

నరసింహారావు చెడ్డవాడేం కాదు. ఆమెకు వార్త రాయడం నేర్పింది ఆయనే. అంతా విన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఎవరైనా నోటీసు ఇచ్చారా అని అడిగాడు. లేదంది. మరి మనంతట మనమే తప్పు రాశామని చెప్పుకోవడం ఎందుకన్నాడు. ఒక్క సవరణ వేస్తే రేపు ప్రతివాడూ సవరణ వేయమని గుమ్మంలో కూర్చుంటాడని, పేపరు మాటకు విలువ పోతుందని చెప్పుకొచ్చాడు. సేకరణ అయిపోయాక చూద్దామన్నాడు.

“సేకరణ అయ్యాక వేస్తే ఎందుకు సార్? మంగళవారం ఆ కాగితం పట్టుకునే గదా వాళ్లు మాట్లాడేది.”

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. కంపెనీ వాళ్లు పొద్దున్నే ఫోన్ చేశారని, వార్త సమతూకంగా ఉందని మెచ్చుకున్నారని, అదనపు కాపీలు కూడా తీసుకెళ్లారని అప్పుడు చెప్పాడు.

వచ్చిన పని కాకపోవడంతో ఆమె జయకృష్ణను వెతుక్కుంటూ వెళ్లింది. వికీలో అతని వాడుకరి పేజీలో, అంటే సొంత పరిచయం పేజీలో, నరసరావుపేటలోనే ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తానని రాసుకున్నాడు. మనిషి దొరకడం కష్టం కాలేదు. సన్నగా, చొక్కా జేబు నిండా పెన్నులతో ఉన్నాడు. ప్రెస్ కార్డు చూపించాక ఖాళీ క్లాసురూములోకి తీసుకెళ్లి బెంచీ మీద లాప్‌టాప్ తెరిచాడు.

“ఇదిగో, చరిత్ర. ఇక్కడ ఎవరు ఏ అక్షరం మార్చినా ఉండిపోతుంది, చెరిపినా పోదు,” అన్నాడు.

మందు తాగాడన్న వాక్యాన్ని కొత్తగా పుట్టిన ఒక ఖాతా చేర్చింది. సేకరణ తేదీ ప్రకటించిన వారంలోనే. ఆ ఖాతా అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఇంకే పేజీ ముట్టలేదు. దాని వెనక ఎవరున్నారో చెప్పలేమన్నాడు. ఆ వారం పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి తను చూసుకోలేదని, చూసి ఉంటే మూలం లేదని ఆరోజే తీసేసేవాణ్ణని అన్నాడు. మీ పేపర్లో వచ్చాక మాత్రం ఎవరో బుద్ధిగా దాన్ని మూలంగా చేర్చారు, ఇక తన చేతులు కట్టేసినట్లేనన్నాడు.

“నేనే చెప్తున్నా గదండీ, తప్పని. ఇంకేం కావాలి?”

“మిమ్మల్ని నేను నమ్ముతున్నా. నా నమ్మకం మూలం కాదు. ఇవ్వాళ నేను నమ్మానని ఒకటి తీస్తే, రేపు ఇంకోడు నమ్మానని ఒకటి పెడతాడు.”

సుష్మితకు తిక్క రేగింది. “మీరు ఫ్యాను కింద కూర్చుని రూల్స్ చెప్తారు. తెల్లబండపాలెం ఎట్టా ఉంటదో ఒక్కసారన్నా చూశారా? చచ్చిపోయినాయన భార్య మా ఇంటి గచ్చు మీద కూర్చుని అడిగింది. మీ రూలు ఆమెకు చెప్పండి పోయి.”

అతను లాప్‌టాప్ మూత దించాడు. గొంతు పెంచలేదు గానీ ప్రతి మాటా తగిలింది. “నేను చూడలేదు. అందుకే చూసొచ్చినవాళ్లు రాసింది తెచ్చి పెడతాం. మా పనే అది. చూడాల్సిన పని మీది. ఆ ఊరి పక్కనే ఉండి మీరు వెళ్లకుండా నన్ను చూసి రాశారు.”

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అతనికి కనపడకుండా కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి అతనే లాప్‌టాప్ మళ్లీ తెరిచి, ఆ వాక్యం పక్కన ‘దీనిపై వివాదం ఉంది’ అని గుర్తు పెట్టాడు. తన చేతిలో ఉన్నది ఇంతేనన్నాడు. అప్పట్లో ప్రమాదం గురించి పేపర్లలో ఏం వచ్చిందో వెతకమన్నాడు. పాత పేపరు నెట్లో లేకపోయినా పర్లేదు, తేదీ, పేజీ ఉంటే చాలన్నాడు.

అప్పట్లో ఈ ప్రాంతానికి ‘తొలిపొద్దు’ విలేకరి ఇమాం సాహెబ్. ఇప్పుడు పని మానేసి గురజాలలో కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. మర్నాడు సుష్మిత వెళ్లేసరికి ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని బత్తాయి ఒలుస్తున్నాడు. కాలు వాచి ఉంది, నడవలేకపోతున్నాడు. వార్త సంగతి చెప్పకముందే ఆయన అన్నాడు, చదివానమ్మా అని. ఆ ఒక్క మాటలో ఉన్నదంతా సుష్మితకు అర్థమైంది.

ఆయన ఆ రోజు సంగతి వరసగా చెప్పాడు. కోటిలింగం, కూలీలు లోపల గుంటలో మందు కూరుతున్నారు. పేల్చే ముందు సైరన్ మోగించాలి, అందరూ పైకి రావాలి. సైరన్ చెడిపోయి అప్పటికే కొన్నాళ్లయింది. లారీలు బారులు తీరి ఉన్నాయి. పైన షెడ్డులో ఉన్నవాళ్లు గుంట ఖాళీ అయిందనుకుని మీట నొక్కేశారు. గుంటలోకి దిగి, బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడి, షెడ్డులో కాపలావాడితో మాట్లాడి, ఆస్పత్రిలో డాక్టరును కూడా అడిగి ఆయన రాశాడు. ‘సైరన్ మోగలేదంటున్న కూలీలు’ అని శీర్షిక. తన పేరుతోనే వచ్చింది.

“ఆ పేపరు ఉందా సాయిబు గారూ?”

లేదన్నాడు. రాసింది రాసినట్టు వచ్చిందా లేదా చూసుకోవడమే గానీ దాచుకునే అలవాటు లేదన్నాడు. కార్తీక పౌర్ణమి దాటిన మర్నాడు అచ్చయిందని మాత్రం గుర్తుంది. హెడ్డాఫీసులో పాత సంపుటాలుంటాయి, కానీ ఇప్పుడు ఆమెకు వాటిని ఎవరు తీసి చూపిస్తారు? మంగళవారం ఎంతో దూరం లేదు.

ఇమాం సాహెబ్ బత్తాయి తొనలు ఆమె చేతిలో పెట్టాడు. “సేకరణలో మైకు ఎవరిదనుకుంటన్నావ్? అందరిదీ. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. మాట్లాడిన ప్రతి మాటా వీడియో తీస్తారు, రాస్తారు, సర్కారు వాళ్లే నెట్లో పెడతారు. విలేకర్ని కూర్చోబెట్టే కుర్చీలోంచి లేవగూడదని ఏ చట్టంలోనూ లేదమ్మా.”

“లేస్తే నా కార్డు పోద్ది.”

“పోద్ది,” అన్నాడు ఆయన.

పిడుగురాళ్ల తిరిగొచ్చి బస్టాండు దగ్గర దిగేసరికి జీపుకు ఆనుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. క్వారీ మేనేజరు జయకర్. ఆమె కోసమే చూస్తున్నట్టున్నాడు. టీ తాగుదాం రమ్మన్నాడు, రానంటే నవ్వాడు. గురజాల వెళ్లొచ్చారంట, పెద్దాయన ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగాడు. తర్వాత ఆమె తండ్రి శివనాగరాజు ప్రస్తావన తెచ్చాడు. మంచి డ్రైవరు, మా దగ్గరే లోడ్లు ఎత్తుతాడు, ఈ మధ్య లారీ టైర్లు కూడా మార్చాడు, అలాంటివాళ్లంటే మాకు గౌరవం అన్నాడు. ప్రతి మాటా నవ్వుతూనే అన్నాడు. అతను జీపెక్కి వెళ్లాక కూడా సుష్మిత చెయ్యి హ్యాండ్‌బ్యాగు పట్టీని వదల్లేదు.

ఇంట్లో తండ్రికి అంతా చెప్పింది. శివనాగరాజు అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచాడు. కోటిలింగం ఆయనకు తెలిసినవాడే, కొండ మీద తిరునాళ్లకు కలిసి వెళ్లిన మనిషి. ఆ మాట ఆయన ఎత్తలేదు.

“నువ్వు రాసిందేందో నువ్వు చూసుకో. నా లారీ మీదకు మాత్రం తేమాక,” అని పళ్లెం పక్కకు నెట్టి లేచాడు. మంగళవారం దాకా ఆమెతో మాట్లాడలేదు.

సేకరణ రోజు తెల్లబండపాలెం బడి ఆవరణలో షామియానా వేశారు. పోలీసులు గేటు దగ్గర ఒక వరస, వేదిక ముందు ఒక వరస నిలబడ్డారు. ఎండ అప్పటికే మండుతోంది. క్వారీలో పనులిస్తామని చెప్పి పక్క ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద తెచ్చిన కుర్రాళ్లు వెనక నిండిపోయారు. ఊరివాళ్లు ఒక పక్కకు ఒదిగి కూర్చున్నారు. కుర్చీ కుర్చీకీ ఒక కాగితం పంచారు. సుష్మిత తన కుర్చీలోది తీసి చూసింది. తన బాక్సే. మిగతా వార్త కత్తిరించేసి, దాన్నొక్కదాన్నే పెద్దది చేసి తీసిన జిరాక్సు.

జయకర్ మైకు తీసుకుని క్వారీ గురించి, ఉద్యోగాల గురించి చెప్పాడు. భద్రత మాటకొచ్చేసరికి ఆ కాగితం పైకెత్తాడు. పాత ప్రమాదం మీద లేనిపోనివి ప్రచారం చేస్తున్నారని, అది ఒక మనిషి తాగుడు వల్ల జరిగిందని పత్రికలే రాశాయని, ప్రపంచమంతా చదివే విజ్ఞాన సర్వస్వంలో కూడా అదే ఉందని చదివి వినిపించాడు. వెనక కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఊరి ఆడవాళ్ల మధ్య రోశమ్మ తల వంచుకుని కూర్చుంది. పక్కన కూతురు యమున తల్లి చెయ్యి పట్టుకుని నేరుగా సుష్మిత వైపే చూస్తోంది. ఆ చూపు భరించలేక సుష్మిత కళ్లు దించుకుంది.

మాట్లాడదలచినవాళ్లు వరసలో నిలబడమన్నారు. సుష్మిత ఫోను ఒళ్లో మోగింది. నరసింహారావు. ఎవరో ముందే చెప్పి ఉంటారు. అది మోగుతుండగానే ఆమె ప్రెస్ వాళ్ల వరసలోంచి లేచి మైకు వరసలో నిలబడింది. ముందు నిలబడ్డ రైతు వెనక్కి తిరిగి, మీరు ఇటు కాదమ్మా, మీ కుర్చీలు అటు అన్నాడు. వరస కదులుతున్న కొద్దీ, ఎవరైనా ఆపితే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది.

ఎవరూ ఆపలేదు. మైకు చేతికొచ్చింది.

“నా పేరు సుష్మిత. తొలిపొద్దు విలేకరిని. మీ చేతుల్లో ఉన్న కాగితం నేను రాసిందే,” అంది. మైకు దగ్గరగా పెట్టుకుంది. “ఇందులో కోటిలింగం గారు తాగి ఉన్నారని రాసిన దానికి నా దగ్గర ఏ ఆధారం లేదు. నేను ఈ ఊరు రాలేదు, ఎవర్నీ అడగలేదు. నెట్లో ఉంటే ఎత్తి రాశాను. నెట్లో ఇప్పుడు దానికి ఆధారంగా నా వార్తనే చూపిస్తున్నారు. ఒకదాన్ని చూసి ఒకటి నిలబడింది గానీ, ఆ మాట కింద నేల లేదు. దీన్ని రికార్డు చేయమని అధికారి గారిని కోరుతున్నాను.”

షామియానా కింద ఒక్కసారిగా గోల లేచింది. అమ్ముడుపోయిందని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇద్దరు కుర్రాళ్లు ముందుకు తోసుకొచ్చారు, పోలీసులు అడ్డం పడ్డారు. మైకు వైరు ఎవరు లాగారో గానీ గొంతు మధ్యలో తెగిపోయింది. వేదిక మీద అధికారి లేచి నిలబడి, వైరు పెట్టేదాకా సభ సాగదని గట్టిగా చెప్పింది. పక్కన గుమాస్తాను ఆ అమ్మాయి చెప్పిందంతా ఎక్కించావా అని అడిగి, చదివించుకుని విని, వీడియో తీసేవాణ్ణి కూడా అడిగాక గానీ కూర్చోలేదు.

వైరు మళ్లీ తగిలించాక రోశమ్మ లేచింది. వరసలో నిలబడమంటే నిలబడలేదు, నేరుగా మైకు దగ్గరకు వచ్చింది. ఎవరూ కాదనలేకపోయారు.

“రోజూ కూత ఇని నేను అన్నం దించేదాన్నయ్యా,” అంది. కూతంటే ఆ ఊరివాళ్లకు క్వారీ సైరన్. “కూత మోగితే కాసేపటికి మా ఆయన అన్నానికొచ్చేవోడు. ఆ రోజు కూత లేదు. అంతకు ముందు వారం గూడా లేదు. మాలలో ఉన్నోడికి నిష్ఠగా వండి పెట్టుకుని కూర్చున్నా. పేలుడే ఇనపడింది.” మైకు ఎవరికివ్వాలో తెలియక పక్కనే ఉన్న సుష్మిత చేతిలో పెట్టి వెళ్లి కూర్చుంది.

ఆ మర్నాడు మిగతా పత్రికలన్నీ ‘ఆధారం లేకుండా రాశా: సభలో విలేకరి’ అని వేశాయి. తొలిపొద్దు ఒక్కటే సభ ప్రశాంతంగా జరిగిందని రాసింది. నరసింహారావు ఆమెను పిలిపించి కార్డు తీసుకున్నాడు. పై నుంచి వచ్చిన మాట అన్నాడు, నిజమే అయి ఉంటుంది. తలుపు దాకా వచ్చి, నాకొక్కసారి చెప్పి చేసి ఉండొచ్చు గదా అన్నాడు. చెప్పాను గదా సార్ అంది.

శివనాగరాజుకు లోడ్లు ఆగిపోయాయి. కొన్నాళ్లు లారీ ఇంటి ముందే నిలబడింది. ఆయన సణిగాడు, విసుక్కున్నాడు, కూతురు వడ్డిస్తే తినకుండా లేచిపోయాడు. చివరికి నల్గొండ వైపు సిమెంటు తోలకం దొరికి కృష్ణ దాటి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండమని, ఒక్కదానివే తెల్లబండపాలెం వైపు తిరగమాకని చెప్పి వెళ్లాడు.

జయకృష్ణ మిగతా పేపర్లు వచ్చిన రోజే నాలుగో మూలాన్ని, దానితో పాటు ఆ వాక్యాన్ని తీసేశాడు. దాని స్థానంలో, ప్రమాద కారణంపై భిన్న కథనాలు ఉన్నాయని మాత్రం రాశాడు. సుష్మిత ఫోన్ చేసి పోట్లాడింది. సైరన్ మోగలేదని ఎందుకు రాయరంది. సభలో ఒకరు అన్నారని రాయగలను, జరిగిందని రాయాలంటే ఆనాడు వెళ్లి చూసినవాడి కథనం కావాలన్నాడు అతను. ఆమె ఫోను పెట్టేసింది. కానీ అతను ఊరుకోలేదు. ఇమాం సాహెబ్ చెప్పాడని సుష్మిత అన్న పౌర్ణమి లెక్క కట్టి, తొలిపొద్దు పాత సంపుటాలు ఏ గ్రంథాలయంలోనైనా ఉన్నాయా, ఎవరైనా చూసి పెట్టగలరా అని వికీ రాసేవాళ్ల చర్చావేదికలో అడిగాడు. వానలు మొదలయ్యాక రాజమండ్రి నుంచి జవాబొచ్చింది. సుష్మితకు గానీ జయకృష్ణకు గానీ మొహం తెలియని ఒకావిడ, గ్రంథాలయంలో దుమ్ము పట్టిన సంపుటాలు తిరగేసి ఆ పేజీ ఫోటో పంపింది. ‘సైరన్ మోగలేదంటున్న కూలీలు’. పేజీ మూడు. కింద ఇమాం సాహెబ్ పేరు.

ఆ వార్త మధ్యలో ఒక వాక్యం ఇలా ఉంది: ‘అయ్యప్ప దీక్షలో ఉన్న మేస్త్రి కోటిలింగం మృతదేహాన్ని తోటి స్వాములు మోసుకొచ్చారు.’ సుష్మిత అది మళ్లీ చదివింది. ఇమాం సాహెబ్ కావాలని రాసింది కాదది. వెళ్లాడు, చూశాడు, రాశాడు. అంతే.

క్వారీ సంగతి ఇంకా తేలలేదు. సభలో వచ్చిన అభ్యంతరాలన్నిటికీ జవాబులిమ్మని పైవాళ్లు దరఖాస్తును వెనక్కి పంపారు. కంపెనీ మళ్లీ వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. సుష్మితకు మాచర్ల నుంచి వచ్చే ఒక చిన్న పత్రికలో పని దొరికింది. జీతం తక్కువ, తిరగడం ఎక్కువ.

ఒక ఆదివారం ఆమె తండ్రి మాట కాదని తెల్లబండపాలెం వెళ్లింది. ఇమాం సాహెబ్ వార్తను మూలంగా చూపి జయకృష్ణ సరిచేసిన వికీ పేజీని ఫోన్లో తెరిచి రోశమ్మకు చదివి వినిపించింది. రోశమ్మ మళ్లీ ఒకసారి చదవమంది. చదివాక అడిగింది.

“రేపు ఇంకెవడన్నా వచ్చి మళ్లీ మార్చేస్తే?”

“మార్చొచ్చు పిన్నీ. ఎవరైనా మార్చొచ్చు. మారిస్తే మాత్రం తెలుస్తది.”

“ఎవరికి?”

సుష్మిత చెప్పేలోపే గుమ్మంలో నిలబడ్డ యమున లోపలికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల సుష్మితతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇప్పుడు కూడా మొహం ముడుచుకునే ఉంది. తన ఫోను ముందుకు చాపి, “మార్చినప్పుడల్లా నాకు తెలిసేట్టు పెట్టటం ఎట్టాగో చూపించు,” అంది.

సుష్మిత జరిగి పక్కన చోటిచ్చింది. యమున కూర్చోలేదు గానీ, ఫోను మీదకు వంగింది.